లాకుల మలుపులో చెయ్యెత్తిన పిల్ల

చీకటి పడ్డాక లాకుల మలుపు దగ్గర ఎవరూ హారన్ కొట్టేవాళ్ళు కాదు. కొడితే ఆ పిల్ల తల తిప్పి చూస్తుందని…

ఇప్పుడక్కడ గట్టుకి అడ్డంగా ఇనప కమ్మీ వేశారు. అందుకే చెబుతున్నాను. కమ్మీ లేని రోజుల్లో తెలిసినా చెప్పే కథ కాదిది. ఎందుకో మీకే అర్థమవుతుంది. ఇందులో నేను కళ్ళారా చూసింది కొంతే. మిగతాదంతా మా పక్కింటి సీతారావమ్మగారి నోట విన్నది.

పామర్రు నుంచి మా ఊరికి కాలువ గట్టు మీదే దారి, నాలుగు మైళ్ళు. తిన్నగా వచ్చే రోడ్డు పాత లాకుల దగ్గర ఉన్నట్టుండి ఎడమకి విరుగుతుంది. విరగకుండా తిన్నగా పోతే — నీళ్ళే. పడవలు తిరిగిన కాలంలో లాకుల తలుపులు తెరిచి మూసే ఉద్యోగికి కట్టించిన ఇల్లొకటి ఆ మలుపు మొనలో ఉండేది. కప్పు ఎప్పుడో కూలింది. రోడ్డుకి ఎదురుగా ఒక్క మొండిగోడ మిగిలింది. దాని పక్కన గట్టుకి అడ్డం ఏమీ లేదు. కమ్మీ లేదు, రాయి లేదు, ఆఖరికి ఓ తుమ్మకంప కూడా లేదు.

నాకు ఊహ తెలిసినప్పట్నుంచి అక్కడ కాలువలో పడి పోయినవాళ్ళు పదకొండు మంది.

ఆ తర్వాత… రెండువేల సంవత్సరంలో ఆ పిల్ల కనపడటం మొదలైంది.

బండి లైటు పడగానే మొండిగోడ ముందు తెల్లగా వెలిగేది. ఎనిమిది, తొమ్మిదేళ్ళుంటాయి. గౌను, రెండు జడలు. కుడిచెయ్యి పైకెత్తి, అరచెయ్యి మనవైపు పెట్టి… ఆగు అన్నట్టు. మొహంలో కళ్ళుండవు, ముక్కుండదు. ఉత్త తెలుపు. బండి మలుపు తిరిగేసరికి ఉండదు. వెనక్కి చూస్తే చీకటి, కాలువ చప్పుడు.

లారీవాళ్ళు అక్కడికొచ్చేసరికి టేపు కట్టేసేవాళ్ళు. పెళ్ళి జీపులు నత్తల్లా పాకేవి. మా ఊరి జాన్‌బాబయితే మోటారు సైకిల్ దిగి, దాన్ని నడిపించుకుంటూ, తల వంచుకుని దాటేవాడు. వాడికి ఇరవై మూడేళ్ళు. పామర్రులో మెకానిక్కు. షెడ్డు కట్టేసి రోజూ రాత్రి పది దాటాక ఆ దారినే రావాలి. వాళ్ళమ్మ సువార్తమ్మ వాడు వచ్చేదాకా గుమ్మంలోనే కూచునేది.

నాలుగేళ్ళు అలాగే జరిగింది. ఆ నాలుగేళ్ళలో కాలువలో ఒక్కరు కూడా పడలేదు. ఆ సంగతి మాత్రం మాలో ఎవరికీ తట్టలేదు.

రెండువేల నాలుగు, జులై నెల. మా ఊరి శౌరమ్మ అనే ఆమెకి నెలలు నిండాయి. అర్ధరాత్రి నొప్పులొచ్చాయి. ఊళ్ళో ఆటోలు నాలుగున్నాయి. నలుగురి తలుపులూ కొట్టారు. తెల్లారనివ్వండి అన్నారు నలుగురూ. నిండు చూలాలిని ఎక్కించుకుని ఆ పిల్ల ముందు నుంచి పోవడమా… మేం పోలేమన్నారు.

తెల్లారి ఆసుపత్రికి తీసుకెళితే తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఆ బిడ్డని పూడ్చి వచ్చినవాళ్ళలో వెంకటకృష్ణారావు మాస్టారు ఒకరు. సీతారావమ్మగారి భర్త. మా హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. బాబాలు వట్టి చేతిలోంచి విభూది ఎలా తీస్తారో, నాలుక మీద కర్పూరం ఎలా వెలిగిస్తారో ఊరూరా తిరిగి చేసి చూపించేవారు. గట్టిగా కోప్పడటం ఎరగని మనిషి. ఆ రోజు మాత్రం కంచం ముందు కూచుని అన్నం కలపకుండా ఒకే మాట అన్నారట.

“ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను సీతా. అదీ నా తప్పే.”

ఆ రాత్రి స్కూటర్ తీసుకుని ఒక్కరే వెళ్ళారు.

గురువారం. చంద్రుడు లేడు. మలుపు ఇంకా వంద గజాలుందనగా — లేచింది. తెల్లగా, చెయ్యెత్తి…

మాస్టారు బ్రేకు వేశారు. తనకి భయం లేదనే అనుకున్నారు. కానీ చేతుల మీద వెంట్రుకలు ఆయన మాట వినలేదు. లైటు ఆర్పారు. పిల్ల లేదు. వేశారు. పిల్ల ఉంది. స్కూటర్‌ని స్టాండు మీద పెట్టి, లైటు అలాగే వెలుగుతుండగా నడవడం మొదలుపెట్టారు. రెండడుగులు పక్కకి జరిగితే పిల్ల మసకబారింది. మళ్ళీ తిన్నగా వస్తే ఆయన నీడే వెళ్ళి పిల్ల మీద పడింది… పిల్ల నడుం దాకా మాయమైంది.

ఇంకో పదడుగులు. ఇంకో అయిదు. చెయ్యి చాపారు.

చల్లగా తగిలింది. తట్టారు. ఠంగుమంది.

రేకు.

రేకుని పిల్ల ఆకారంలో కోసి, మీద తెల్ల స్టిక్కరు అతికించి, గోడకి మేకులు కొట్టారు. లారీల వెనకా, నంబరు ప్లేట్ల మీదా వేస్తారే, ఆ రేడియం స్టిక్కరు. లైటు ఎటునుంచి వస్తే అటే తిప్పికొడుతుంది. పగలు చూస్తే సున్నం రాలిన గోడ మీద వెలిసిన రేకు… ఎవరి కంటికీ ఆనదు.

మాస్టారికి నవ్వొచ్చింది. నవ్వబోతుంటే — గోడ వెనక ఎవరో దగ్గారు.

లాకుల మెట్ల మీద ఒక మనిషి కూచుని ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. పక్కన బక్కెట్టు, చేతిలో తడిగుడ్డ. లేచి నిలబడలేదు. పారిపోనూ లేదు.

“దుమ్ము పడితే వెలగదండీ,” అన్నాడు నెమ్మదిగా. “అందుకని ప్రతి గురువారం వచ్చి తుడిచిపోతాను.”

అతని పేరు ఇమామ్. బెజవాడలో బోర్డులు రాసే పెయింటరు. బోర్డుల పని తగ్గాక రేడియం స్టిక్కర్లు కోసే కొట్టు పెట్టుకున్నాడు. అతనికి షహనాజ్ అని ఒక్కత్తే కూతురు. తొంభై ఎనిమిది వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఇంటికి వస్తుంటే ఈ మలుపులోనే, ఆటోతో సహా కాలువలో పోయింది. ఆ పదకొండు మందిలో ఆ పిల్ల ఒకతె.

కమ్మీ కోసం ఏడాది తిరిగాడట. రోడ్డు చూసేవాళ్ళు గట్టు మాది కాదన్నారు. కాలువ చూసేవాళ్ళు రోడ్డు మాది కాదన్నారు. తిరిగి తిరిగి, చివరికి తనకి చేతనైన పని తను చేశాడు.

మొదట పెట్టింది ఈ పిల్లని కాదు. గట్టు పొడుగునా పది గుంజలు పాతి, పదింటికీ పది రేకు బొమ్మలు కట్టాడు. పిల్లాడు, చేతిలో దారం, దారం చివర గాలిపటం. ఒక్కో బొమ్మలో కాళ్ళు కాస్త మారతాయి, గాలిపటం కాస్త పైకి పోతుంది. లైటేసుకుని పోతుంటే పిల్లాడు మన పక్కనే గాలిపటం పట్టుకుని పరిగెత్తుతున్నట్టుండేది. ఆ బొమ్మలు నాకూ జ్ఞాపకం. ఎవరు పెట్టారో తెలియదు గాని ఊరంతా మురిసిపోయాం. పామర్రు నుంచి పనిగట్టుకుని వచ్చి చూసిపోయేవాళ్ళు.

జనం ఆగి చూస్తారనుకున్నాడు ఇమామ్. కానీ బండి ఎంత వేగంగా పోతే పిల్లాడు అంత బాగా పరిగెత్తేవాడు. కుర్రాళ్ళు పందేలు కట్టారు. ఆ పందెంలో ఇద్దరు కాలువలోకి పోయారు. పదో మనిషి, పదకొండో మనిషి.

ఆ వారమే గుంజలు పీకేశాడు. ఆర్నెల్లు కొట్టు తియ్యలేదు. ఆ తర్వాత ఈ ఒక్క బొమ్మ కోశాడు. హారన్ కొడితే తల తిప్పి చూస్తుందన్న మాట కూడా అతనే పామర్రు టీ కొట్ల దగ్గర కూచుని పుట్టించాడు.

“ముచ్చటపడినవాడు ఆగడు మాస్టారూ. భయపడ్డవాడే ఆగుతాడు.”

“మీ అమ్మాయి బొమ్మేనా ఇది?”

“ఫోటో ముందు పెట్టుకుని కోశానండి. మొహం మాత్రం… కొయ్యలేకపోయాను.”

మాస్టారు శౌరమ్మ బిడ్డ సంగతి చెప్పారు. ఇమామ్‌కి అది తెలియదు. చేతిలో గుడ్డ బక్కెట్లోకి జారిపోయింది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నీళ్ళవైపు చూస్తూ ఉండిపోయాడు.

“అయినా చెప్పొద్దండి,” అన్నాడు చివరికి. “కమ్మీ వేసేదాకా చెప్పొద్దు. మీకు దండం పెడతాను.”

మాస్టారు కమ్మీ కోసం తనే తిరుగుతానని మాటిచ్చారు. చెప్పకుండా ఉంటానని మాత్రం ఇవ్వలేకపోయారు. ఇంకో ఆడమనిషికి ఇంకో రాత్రి నొప్పులొస్తే ఎవరిది పూచీ, అన్నారట. మీ పేరు బయటికి రానివ్వనన్నారు. ఇమామ్ బక్కెట్టు తీసుకుని చీకట్లో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం రాత్రి మలుపులో మీటింగు. రెండు జీపులు, మైకు, మూడొందల మంది జనం. నేనూ ఉన్నాను. మాస్టారు జీపు లైటు వేయించారు, ఆర్పించారు, వేయించారు. పిల్ల వచ్చింది, పోయింది, వచ్చింది. మొదట్లో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నాలుగోసారికి పిల్లకాయలు నవ్వడం మొదలుపెట్టారు. ఒక్కొక్కళ్ళనీ పిలిచి రేకుని ముట్టుకోమన్నారు. ముట్టుకున్నాం. ఠంగు ఠంగుమని వాయించాం కూడా.

అందరికన్నా చివర వచ్చినవాడు జాన్‌బాబు. రానంటే మాస్టారే వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి రేకు మీద పెట్టారు. హైస్కూల్లో ఆయన దగ్గర చదువుకున్నవాడే. వాడు రేకుని అటూ ఇటూ తడిమాడు. నాలుగేళ్ళ భయం ఒక్కసారిగా దిగిపోయిందేమో… కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. పనిముట్ల సంచీలోంచి కటింగ్ ప్లేయర్ తీసి మేకులు పీకి, రేకుని మాస్టారి చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి అందరూ చూస్తుండగా మోటారు సైకిల్ ఎక్కి మలుపుని రివ్వున తిరిగాడు. చప్పట్లు కొట్టాం.

పందొమ్మిది రోజులు రోజూ అలాగే తిరిగాడు.

ఇరవయ్యో రోజు రాత్రి వాన. కరెంటు లేదు. గోడెక్కడుందో, గట్టెక్కడుందో, నీళ్ళెక్కడున్నాయో… అంతా ఒకటే నలుపు. బండి మర్నాడు పొద్దున దొరికింది. వాడు మూడోనాడు, రెండు మైళ్ళ దిగువన తూము దగ్గర దొరికాడు.

పెద్దకర్మలాంటివి వాళ్ళలో ఉండవు గనక, ప్రార్థన అయిన మర్నాడు సాయంత్రం సువార్తమ్మ మాస్టారింటికి వచ్చింది. సీతారావమ్మగారు తలుపు పట్టుకుని నిలబడ్డారట. తిడుతుందేమో, మన్నెత్తిపోస్తుందేమో అనుకున్నారు. తిట్టలేదు. లోపలికి రమ్మంటే రాలేదు.

“ఆ రేకొకసారి చూపిస్తారా మాస్టారూ,” అంది.

మాస్టారు స్కూలుకి వెళ్ళి తెచ్చారు. సువార్తమ్మ దాన్ని అరుగు మీద పెట్టి, పక్కన కూచుని, ఎత్తిన ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టింది. చాలాసేపు నిమిరింది.

“దీనికి భయపడే మావాడు ఇన్నాళ్ళూ బతికాడండీ.”

అంతే అంది. లేచి వెళ్ళిపోయింది.

మాస్టారు ఆ రాత్రంతా అరుగు మీదే ఉన్నారు. తెల్లారగానే రేకుని దుప్పట్లో చుట్టుకుని బెజవాడ బస్సెక్కారు. ఇమామ్ కొట్టు వెతికి పట్టుకుని, దీన్ని మళ్ళీ పెట్టండి, తప్పు నాది అన్నారట. ఇమామ్ దుప్పటి విప్పలేదు. లోపల ఏముందో అతనికి తెలుసు.

“రేకని తెలిసిపోయాక రేకుకెవరు భయపడతారండీ? పెడితే రాళ్ళేస్తారు. మా పిల్ల మీద రాళ్ళు పడటం చూడలేను. నా దగ్గర వదిలేసి వెళ్ళండి.”

వదిలేసి వచ్చారు.

ఆ తర్వాత మాస్టారు కమ్మీ కోసం తిరగడం మొదలుపెట్టారు. ఇమామ్ తిరిగిన ఆఫీసులే. ఇమామ్‌కి చెప్పిన జవాబులే. పగలు బడి, సాయంత్రం అర్జీలు. రాత్రిళ్ళు పై ఊళ్ళలో పిల్లలకి టెలిస్కోపులో నక్షత్రాలు చూపించాలని చెప్పి బయటికి వెళ్ళేవారు. ఏ మూడింటికో తిరిగొచ్చేవారు. సీతారావమ్మగారు అడగలేదు. జాన్‌బాబు పోయినప్పట్నుంచి ఆయనకి నిద్ర లేదని ఆవిడకి తెలుసు. నక్షత్రాలు చూసైనా కాస్త మనసు కుదుటపడుతుందనుకున్నారు.

ఈలోగా — లాకుల మలుపులో ఇంకొకటి మొదలైంది.

ఈసారి పిల్ల కాదు. చూసినవాళ్ళు చెప్పడానికే జంకేవాళ్ళు. తల ఉండదట. కాళ్ళుండవట. చీకట్లో గాలిలో తేలుతూ రెండు చేతులు… వాటి మధ్య తెల్లటి పక్కటెముకలు. అంతే. ఒక్కోసారి గోడ దగ్గర, ఒక్కోసారి రోడ్డుకి ఇంకా ముందే. రేకయితే కదలదు గదా. ఇది కదులుతుంది… చేతులు ఊపుతుంది. మాస్టారి మీటింగులో గట్టిగా నవ్వినవాళ్ళే ఇప్పుడు మళ్ళీ హారన్ మీంచి చెయ్యి తీసేశారు. జాన్‌బాబే నీళ్ళలోంచి వచ్చి నిలబడుతున్నాడని కొందరన్నారు. ఆ మాట సువార్తమ్మ చెవిన పడనివ్వకుండా చూశాం.

ఆ కార్తీక మాసంలో సీతారావమ్మగారి చెల్లెలికి బెజవాడలో ఆపరేషన్ అయింది. నాలుగు రోజులుందామని వెళ్ళినావిడ, చెల్లెలు తేరుకోవడంతో రెండో రోజు రాత్రే బయల్దేరారు. ఇంట్లో ఫోను లేదు, వస్తున్నానని మాస్టారికి చెప్పే దారి లేదు. ఆఖరి బస్సు పామర్రులో దింపేసరికి పదకొండున్నర. సన్నగా జల్లు. స్టాండులో ఒకే ఒక్క ఆటో ఉంది, అఫ్రాజ్‌ది. మా పక్కూరి కుర్రాడు. మాస్టారి భార్య అని తెలిసి కాదనలేక ఎక్కించుకున్నాడు.

మూడు మైళ్ళూ ఏవో కబుర్లు చెబుతూనే ఉన్నాడట. లాకులు దగ్గరపడేసరికి మాటలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. వేగం తగ్గించాడు.

“అమ్మగారూ… కళ్ళు మూసుకోండి. ఒక్క నిమిషం.”

ఆవిడ మూసుకోలేదు.

ముందు ఏమీ లేదు. వాన గీతలు, లైటు పడినంత మేర తడి రోడ్డు. అప్పుడు… చీకట్లోంచి రెండు చేతులు లేచాయి. తెల్లగా. వాటి మధ్య అడ్డంగా నాలుగు తెల్ల గీతలు, పక్కటెముకల్లా. తల లేదు. కాళ్ళు లేవు. చేతులు నెమ్మదిగా పైకీ కిందికీ ఊగాయి… ఆగు… ఆగు…

అఫ్రాజ్ లోలోపల ఏదో చదువుకుంటున్నాడు. ఆటో నడక వేగానికి దిగింది. సీతారావమ్మగారు చేతికి దొరికిన కడ్డీ పట్టుకుని ముందుకి వంగారు.

దగ్గరికొచ్చేకొద్దీ ఒకటి కనిపించింది. కుడిచేతి చివర తెల్లపట్టీ వేళ్ళ మీదకి జారి వేలాడుతోంది. ఎడమ చేతిది మాత్రం మణికట్టు దగ్గరే ఉంది.

ఆవిడకి అల్లిక సరిగా రాదు. పెళ్ళయిన కొత్తలో భర్తకని నల్ల ఉన్నితో ఒక స్వెట్టరు అల్లారు. వరసలు లెక్క తప్పి కుడిచెయ్యి రెండంగుళాలు పొడుగొచ్చింది. ఆయన నవ్వి, అలాగే తొడుక్కునేవారు. ఆ నెల మొదట్లోనే బీరువాలో వెతికితే అది కనపడలేదు.

ఆటో పక్కగా వచ్చింది. లైటు దాటిపోయింది. గీతలు ఆరిపోయాయి. ఆ చివరి క్షణంలో నల్ల శాలువా తలకి చుట్టుకున్న మొహం, తడిసిన కళ్ళద్దాలు… మూడడుగుల దూరంలో. స్వెట్టరు మీద రేడియం ముక్కలు కుట్టుకుని, వెనక అడుగు దూరంలో నీళ్ళు పెట్టుకుని, వానలో చెయ్యెత్తి నిలబడింది ఆవిడ మొగుడు.

ఆయన ఆవిణ్ణి చూశారు. చెయ్యి దించలేదు.

ఆటో మలుపు తిరిగింది. లాకులు వెనకబడ్డాక అఫ్రాజ్ తల తిప్పాడు.

“చూశారా అమ్మగారూ?”

“చూశాను.”

“మాస్టారు అదంతా రేకని తేల్చారు గదండీ అప్పుడు. ఇదీ… రేకేనంటారా?”

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ ఇంట దెయ్యం అన్న మాట ఎవరూ పలకలేదు. ఆయన పలకనివ్వలేదు, ఆవిడకి పలకాల్సిన అవసరమూ రాలేదు. సీతారావమ్మగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు.

“కాదు బాబూ. రేకు కాదు. నేను కళ్ళారా చూశాగా… దెయ్యమే. కానీ నెమ్మదిగా పోయేవాళ్ళని ఏమీ చెయ్యదు. మాస్టారి భార్యే చెప్పిందని… అందరికీ చెప్పు.”